విదేశాల్లో పాత పుస్తకాల షాపు చూడాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం వచ్చేసరికి చెన్నైలో మనవాళ్లు చాలామంది పిల్లల దగ్గరికి విదేశాలు బయల్దేరతారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో పాత పుస్తకాల షాపుల గురించే అడిగారు, చూసి చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నేను పెరంబూరులో ఉంటాను, తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. జూన్‌లో పారిస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. నాకు ఈఫిల్ టవర్ కన్నా ఆ షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల షాపు చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా అల్లుడుగారేమో "అక్కడ క్యూలో నిలబడాలి అత్తయ్యా, లోపల ఫోటోలు కూడా తీయనివ్వరు, బయట ఒక ఫోటో దిగి వచ్చేద్దాం" అంటున్నారు. నాకు ఇంగ్లిష్ చదవడం వచ్చు, మాట్లాడాలంటే టెన్షన్. లోపల ఎంతసేపు ఉండనిస్తారు? ఏమీ కొనకుండా వచ్చేస్తే ఏమైనా అనుకుంటారా?

జవాబు: అమ్మా, లోపలికి వెళ్లండి. బయటే ఫోటో దిగి వచ్చేస్తే మీరు చూసేది ఒక ఆకుపచ్చ గుమ్మం, దాని మీద పసుపు బోర్డు, అంతే.

కాస్త చరిత్ర తెలుసుకుని వెళ్తే ఇంకా బాగుంటుంది. ఆ పేరుతో పారిస్‌లో రెండు షాపులు నడిచాయి. మొదటిది సిల్వియా బీచ్ అనే అమెరికన్ మహిళ 1919లో పెట్టారు. అందులో పుస్తకాలు అమ్మేవారు, చందా కట్టినవాళ్లకి అద్దెకీ ఇచ్చేవారు. ఒకప్పుడు మన ఊళ్లలో వీధి వీధికీ ఉన్న అద్దె పుస్తకాల షాపులు గుర్తున్నవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన 'యులిసిస్' నవలని అచ్చువేయడానికి వేరేవాళ్లు భయపడుతుంటే, అంతకుముందు ప్రచురణ అనుభవం ఏమీ లేని ఆవిడ ధైర్యం చేసి 1922లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పారిస్‌ని ఆక్రమించాక, 1941లో ఆ షాపు మూతపడింది. మళ్లీ తెరవలేదు.

మీరు వెళ్లబోయేది రెండోది. నోత్రదామ్ చర్చికి ఎదురుగా, సేన్ నది ఎడమ గట్టున ఉంటుంది. జార్జ్ విట్మన్ అనే ఇంకో అమెరికన్ 1951లో 'ల మిస్ట్రాల్' అనే పేరుతో దీన్ని మొదలుపెట్టి, 1964లో సిల్వియా బీచ్ మీద గౌరవంతో ఆవిడ షాపు పేరు పెట్టారు. కూతురికి కూడా సిల్వియా అనే పేరు పెట్టుకున్నారు. 2011లో ఆయన పోయాక షాపుని నడుపుతున్నది ఆ అమ్మాయే. ఊరు తిరుగుతూ వచ్చిన కుర్ర రచయితలు రాత్రిళ్లు ఆ పుస్తకాల మధ్యే పడుకోవచ్చని విట్మన్ ఒక పద్ధతి పెట్టారు. అద్దె తీసుకోరు. బదులుగా షాపులో కాసేపు పనిచేయాలి, రోజుకో పుస్తకం చదవాలి, తన జీవితం గురించి ఒక పేజీ రాసిచ్చి వెళ్లాలి. ఇలా వేలమంది అక్కడ తలదాచుకున్నారు. లోపల అరల మధ్య ఇరుకిరుకు బెంచీలు కనిపిస్తే అవి ఎవరో పడుకున్న చోట్లని గుర్తుపెట్టుకోండి.

ఇక మీరు అడిగింది. కింది అంతస్తులో అమ్మకానికి పెట్టిన పుస్తకాలుంటాయి. మెట్లెక్కి పైకి వెళ్తే ఒక రీడింగ్ రూమ్ ఉంటుంది, అక్కడివి అమ్మరు, ఎవరైనా తీసుకుని కూర్చుని చదువుకోవచ్చు. మీకు కావలసింది అదే. ఎంతసేపని ఎవరూ అడగరు. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే అమ్మాయిని వెనకాలే రమ్మనండి. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజున తెరిచిన వెంటనే వెళ్తే క్యూ ఉన్నా తొందరగా కదులుతుంది. ఫోటోలు వద్దనడం మంచి నియమమేనని నా అభిప్రాయం. అంత ఇరుకులో ప్రతివాళ్లూ ఫోన్ ఎత్తి నిలబడితే చదివేవాడికి చోటేదీ? అల్లుడుగారికి విసుగనిపిస్తే పక్కనే వాళ్లదే కాఫీ షాపు ఉంది, ఆయన్ని అక్కడ కూర్చోమనండి, మీరు నిదానంగా రండి.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. గుమ్మం దాటగానే "బోన్‌జూర్" అనండి. ఫ్రాన్స్‌లో ఏ షాపులోనైనా లోపలికి వెళ్తూ పలకరించకపోతే మర్యాద తప్పినట్టు చూస్తారు, ఆ ఒక్క మాట అంటే చాలు, తర్వాత మీరు ఎంత మెల్లగా మాట్లాడినా ఓపిగ్గా వింటారు.

కొనకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ నా మాటగా చెబుతున్నాను, ఒక్కటైనా కొనండి. 2020లో కరోనా వచ్చి టూరిస్టులు ఆగిపోయినప్పుడు, ఇంత పేరున్న షాపే అమ్మకాలు 80 శాతం పడిపోయాయని, వీలైనవాళ్లు పుస్తకాలు కొని ఆదుకోమని పాఠకులకి బహిరంగంగా విజ్ఞప్తి చేసుకోవలసి వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఆర్డర్లు పెట్టారు. పేరుతో ఏ షాపూ అద్దె కట్టలేదు, పుస్తకం అమ్ముడుపోతేనే కట్టగలదు. మీరు టీచరు కాబట్టి పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి మనవలకి తీసుకోండి. బిల్లు వేసేటప్పుడు అడిగితే మొదటి పేజీలో షాపు ముద్ర వేసిస్తారు, ఫోటో కన్నా అది చాలా కాలం ఉంటుంది.

బయటికి వచ్చాక నది గట్టు వెంబడి నడవండి. రాతి గోడ మీద బిగించిన ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు, పాత పోస్టర్లు అమ్మేవాళ్లుంటారు. దాదాపు 900 పెట్టెలున్నాయి. 2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం నది మీద జరుగుతుందని, భద్రత కోసం వీటిలో చాలా పెట్టెలు తీసేయాలని పోలీసులు పట్టుబట్టారు. అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు, ఊరు జనం వాళ్ల వెనక నిలబడ్డారు, చివరికి ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. పుస్తకాలమ్మేవాళ్ల కోసం ఒక నగరం అంత గట్టిగా నిలబడిందంటే ఆ గట్టు మీద నడవడం నాకు గుడికి వెళ్లడంతో సమానం. వాన పడితే పెట్టెలు తెరవరు, మరీ పొద్దున్నే వెళ్లినా మూసే ఉంటాయి.

ప్రశ్న: సార్, నేను ఒరగడంలో ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీర్ని. ట్రైనింగ్ కోసం టోక్యో పంపుతున్నారు. జింబోచో అనే పాత పుస్తకాల వీధి గురించి విన్నాను. జపనీస్ ఒక్క అక్షరం రాదు. వెళ్తే ఉపయోగం ఉందా?

జవాబు: ఉంది బాబూ, ఒక సాయంత్రం పెట్టుకోండి. నూటికి పైగా పాత పుస్తకాల షాపులు ఒకేచోట ఉన్న పేట అది. అక్కడ ఒక సంగతి గమనించండి. యాసుకుని వీధిలో పుస్తకాల షాపులు చాలామటుకు దక్షిణం పక్కనే, ఉత్తరానికి ముఖం చేసి ఉంటాయి. బయట పెట్టిన పుస్తకాల మీద నేరుగా ఎండ పడకూడదని అలా పెట్టుకున్నారు. ఎండకి కాగితం పచ్చబడి, అట్ట రంగు వెలిసిపోతుంది కదా. ఇంజినీరు కాబట్టి మీకు ఈ ఏర్పాటు నచ్చుతుంది.

జపనీస్ రాకపోయినా కిటజావా షాపుకి వెళ్లొచ్చు, 1902లో మొదలైంది, పాత ఇంగ్లిష్ పుస్తకాలకి పేరున్న చోటు. ఓయా షోబో అనే ఇంకో షాపులో చెక్క అచ్చులతో వేసిన పాత బొమ్మలు, పటాలు ఉంటాయి. వాటికి భాష అవసరం లేదు, కాకపోతే మంచివి ఖరీదు, ముట్టుకునే ముందు అడగండి. వీపు మీద బ్యాగుంటే ముందుకి తగిలించుకోండి, ఆ సందుల్లో తిరిగితే పుస్తకాల దొంతర కూలిపోతుంది. కార్డు తీసుకోని చిన్న షాపులుంటాయి, కాస్త నగదు దగ్గర పెట్టుకోండి. అక్టోబరు చివర్లో ట్రైనింగ్ పడితే అదృష్టమే, అప్పుడు ఆ వీధంతా పాత పుస్తకాల పండుగ జరుగుతుంది, షాపుల ముందు ఫుట్‌పాత్ మీద కూడా అరలు పెట్టేస్తారు.

ప్రశ్న: మాది టి. నగర్. పోర్చుగల్ టూర్‌లో లివ్రారియా లెల్లో అనే పుస్తకాల షాపు కూడా పెట్టారు. దానికి టికెట్టట! పుస్తకాల షాపులో అడుగుపెట్టడానికి డబ్బెందుకివ్వాలి? మా అమ్మాయి మాత్రం హ్యారీ పోటర్ రచయిత్రి అక్కడే కూర్చుని రాసిందని, వెళ్లి తీరాలని ఒకటే గొడవ.

జవాబు: మీ అమ్మాయికి ముందే చెప్పేయండి. జె.కె. రౌలింగ్ 1990ల మొదట్లో ఆ షాపున్న పోర్టో నగరంలో ఇంగ్లిష్ టీచరుగా పనిచేసిన మాట నిజమే, కానీ ఆ షాపుకి తాను ఎప్పుడూ వెళ్లలేదని, అలాంటి షాపు ఉందని కూడా అప్పట్లో తెలియదని ఆవిడే 2020లో స్వయంగా చెప్పారు. అయినా తీసుకెళ్లండి. 1906లో కట్టిన భవనం. మధ్యలో రెండు పాయలుగా విడిపోయి మెలితిరిగే ఎర్రటి మెట్లు, పైన రంగుటద్దాల కప్పు. ఏ కథతోనూ సంబంధం లేకుండానే అది అందమైనది.

టికెట్ గురించి మీ కోపం అర్థమైంది, కానీ నేను షాపు పక్షమే. రోజుకి వేల మంది వచ్చి, మెట్ల మీద ఫోటో దిగి, ఒక్క పుస్తకం ముట్టుకోకుండా వెళ్లిపోతుంటే ఆ షాపు ఎలా బతుకుతుంది? అందుకే 2015 నుంచి ప్రవేశానికి డబ్బు తీసుకుంటున్నారు. పుస్తకం కొంటే ఆ సొమ్ము బిల్లులో తగ్గిస్తారు. అంటే పుస్తకం కొనేవాళ్లకి అది అడ్వాన్సు, కొననివాళ్లకే టికెట్టు. ఇందులో అన్యాయం నాకైతే కనిపించలేదు. ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకుని వెళ్లండి.

లిస్బన్‌కి కూడా వెళ్తుంటే బెర్‌ట్రాండ్ చూడండి, దానికి టికెట్ లేదు. 1732లో మొదలైన షాపు, నేటికీ నడుస్తున్న పుస్తకాల షాపుల్లో అన్నిటికన్నా పాతదని గిన్నిస్ రికార్డు ఉంది. 1755లో లిస్బన్‌ని నేలమట్టం చేసిన భూకంపంలో మొదటి షాపు పోయింది, తర్వాత ఇప్పుడున్న షియాదో ప్రాంతానికి మారింది. లెల్లోలాగా కళ్లు చెదిరేలా ఉండదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ ఉంటే వంపు కప్పుల కింద అరలు, అంతే. నన్నడిగితే ఎక్కువసేపు ఉండాల్సింది అక్కడే.

ప్రశ్న: విదేశాలకి వెళ్లే స్తోమత నాకు లేదు. కోడంబాక్కంలో రూము తీసుకుని చదువుకుంటున్నాను. చెన్నైలో అలాంటి చోటు ఏదైనా ఉందా?

జవాబు: మౌంట్ రోడ్డులో హిగిన్‌బాథమ్స్‌కి వెళ్లు తమ్ముడూ. 1844లో మొదలైంది, ఇప్పుడున్న భవనం 1904 నాటిది. తల పైకెత్తి ఆ కప్పు ఎత్తు, రంగుటద్దాలు చూడు. కొన్నా కొనకపోయినా అరల మధ్య తిరగొచ్చు. నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో 1812లో పుట్టిన మద్రాస్ లిటరరీ సొసైటీ ఉంది, అది లైబ్రరీ, చందా కట్టి సభ్యుడివైతే వందల ఏళ్ల నాటి పుస్తకాలున్న అరల మధ్య కూర్చోవచ్చు. పాత పుస్తకాలకి ఒకప్పుడు సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది, ఆ దెబ్బ నుంచి ఈ ఊరి పాత పుస్తకాల వ్యాపారం పూర్తిగా కోలుకోలేదనే నా బాధ. మైలాపూర్ లజ్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఇంకా కొన్ని దొరుకుతాయి.

ప్రశ్న: నేను వేళచ్చేరి నుంచి. లండన్‌లో అన్నయ్య దగ్గర మూడు వారాలుంటాను, పాత పుస్తకాలు కొనాలని ఆశ. బేరం ఆడొచ్చా? మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? మోసుకొచ్చాక మన ఊరి ఉక్కకి పాడైపోతాయని మా అమ్మ భయపెడుతోంది.

జవాబు: లండన్‌లో మూడు వారాలా, ఎంత బాగుందమ్మా. చేరింగ్ క్రాస్ రోడ్డు నుంచి లోపలికి సెసిల్ కోర్ట్ అని చిన్న సందు ఉంది, కార్లు రావు, రెండు పక్కలా పాత పుస్తకాల షాపులు, పాత పటాల షాపులు. చిన్నపిల్లాడిగా లండన్ వచ్చినప్పుడు మోజార్ట్ కుటుంబం 1764లో ఆ సందులోనే అద్దెకుంది. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు. మార్లెబోన్‌లో డాంట్ బుక్స్ కూడా చూడు. అక్కడివి కొత్త పుస్తకాలే, హాలు మాత్రం వందేళ్ల పైబడినది. దాంట్లో పుస్తకాలని దేశాల ప్రకారం సర్దుతారు. ఇండియా అరలో నవల, చరిత్ర, యాత్రల పుస్తకం అన్నీ పక్కపక్కనే ఉంటాయి. తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లినవి ఆ అరలో ఎన్ని ఉన్నాయో వెతుకు, లేకపోతే అడుగు. పాఠకులు అడిగితేనే షాపువాళ్లు తెప్పిస్తారు.

బేరం సంగతి. కొత్త పుస్తకాల మీద బేరం వద్దు. ఫ్రాన్స్‌లో అయితే 1981 నుంచి చట్టమే ఉంది, ప్రచురణకర్త పెట్టిన ధర మీద 5 శాతానికి మించి తగ్గించకూడదు. అక్కడ చిన్న షాపులు నిలబడడానికి అదొక పెద్ద కారణం. బ్రిటన్‌లో అలాంటి ఒప్పందం 1990ల్లో పోయింది. పాత పుస్తకాల షాపులో ధర లోపలి మొదటి పేజీలో పైన పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఒక్క పుస్తకానికి బేరం ఆడితే చిన్నబుచ్చుకుంటారు. నాలుగైదు తీసుకుని "వీటన్నిటికీ కలిపి ఎంతకిస్తారు" అని మర్యాదగా అడగొచ్చు, చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు.

పాతదైతే పెళుసుగా ఉంటుందనుకోవద్దు. 19వ శతాబ్దం మధ్య వరకు కాగితాన్ని పాత నూలు, నార గుడ్డలతో చేసేవాళ్లు, తర్వాత కలప గుజ్జుతో చేయడం మొదలైంది. కలపలో ఉండే లిగ్నిన్ వల్ల, తయారీలో చేరే ఆమ్లం వల్ల కాగితం గోధుమరంగుకి తిరిగి విరుగుతుంది. అందుకే 1780 నాటి పుస్తకం తెల్లగా గట్టిగా ఉండి, 1930 నాటిది పేజీ తిప్పితే చిట్లడం మామూలే. కొనేముందు ఒక పేజీ మూల మెల్లగా వంచి చూడు. కుట్టు ఊడిందేమో, బొమ్మల పేజీలు ఎవరైనా చింపుకున్నారేమో చూడు. పురుగు తొలిచిన గుండ్రటి చిన్న కన్నాలు, వాటి చుట్టూ పొడి కనిపిస్తే ఎంత మంచి పుస్తకమైనా వదిలేయి, అది ఇంటికి వస్తే నీ బీరువాలో మిగతావీ పోతాయి.

సూట్‌కేసులో పుస్తకాలని అడుగున చక్రాల వైపు పెట్టి, చుట్టూ బట్టలు కుక్కితే మూలలు నలగవు. చాలా ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్ బ్యాగు 7 కిలోలే, రెండు లావు పుస్తకాలతో సగం అయిపోతుంది, ముందే తూకం వేసుకో. మీ అమ్మ భయంలో నిజం ఉంది. చెన్నై తేమకి బూజు పడుతుంది. బయట గోడకి ఆనించిన బీరువాలో పెట్టకు, అరల వెనక కాస్త గాలి ఆడే ఖాళీ ఉంచు, సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మార్చుతూ ఉండు. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టడం అన్నిటికన్నా చెడ్డది, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. అన్నిటికీ మించి, నెలకోసారి తీసి చదువు. చేతుల్లో తిరిగే పుస్తకానికి బూజు అంత తొందరగా పట్టదు.

ప్రశ్న: అయ్యా, నా వయసు 74. తాంబరంలో ఉంటాను. అబ్బాయి షికాగోలో ఉన్నాడు, ఈసారి ఆరు నెలలు ఉండమంటున్నాడు. అక్కడి పాత పుస్తకాల షాపుల్లో మన తెలుగు పుస్తకాలు దొరుకుతాయా?

జవాబు: షాపుల్లో చాలా అరుదండీ, ఆశపెట్టుకుని వెళ్తే నిరాశే. కానీ మీరు వెళ్తున్నది షికాగో కాబట్టి ఇంకో దారి ఉంది. అప్పట్లో అమెరికా నుంచి గోధుమలు తెప్పించుకున్నాం కదా, పీఎల్ 480 అని. వాటి ఖరీదు మనం రూపాయల్లోనే కట్టాం, ఆ రూపాయలు ఇక్కడే ఉండిపోయాయి. 1962 నుంచి ఆ డబ్బులో కొంత పెట్టి అమెరికావాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన దేశంలో అచ్చయిన పుస్తకాలు, తెలుగువి కూడా, కొని అక్కడి యూనివర్సిటీలకి పంపింది. షికాగో యూనివర్సిటీ వాటిని అందుకున్న వాటిలో ఒకటి. ఇక్కడ ఎక్కడ అడిగినా లేదనే 1960ల నాటి నవలలు అక్కడి అరల్లో ఉండే అవకాశం ఉంది. బయటివాళ్లు లోపలికి రావడానికి నియమాలుంటాయి, అబ్బాయిని ముందే ఈమెయిల్ చేసి కనుక్కోమనండి. కేటలాగులో తెలుగు లిపిలో వెతికితే దొరక్కపోవచ్చు, పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించి ఉంటారు, పుస్తకం పేరుతో రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకమనండి.

లైబ్రరీలు వద్దనుకున్న పుస్తకాలని అప్పుడప్పుడు అమ్మేస్తుంటాయి. చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీల కోసం వాలంటీర్లు ఇలాంటి అమ్మకాలు పెడతారు, ఒకటి రెండు డాలర్లకే ఇస్తారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో ఆ పెట్టెల అడుగున తెలుగు పుస్తకం కనిపించినా ఆశ్చర్యం లేదు, ఇళ్లు మారేటప్పుడు అక్కడే ఇచ్చేస్తారు మరి.

సి.పి. బ్రౌన్ సేకరించిన తాళపత్రాలు చూడాలంటే లండన్ వెళ్లాలా అని కూడా ఉత్తరం చివర్లో అడిగారు. అక్కర్లేదు. చాలా భాగం చెన్నైలోనే, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. షికాగో ప్రయాణానికి ముందే ఒక పూట అక్కడికి వెళ్లి రండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి.